రాత్రి ఫొటోలో రేణువులు: లోపం కెమెరాదా, వెలుతురుదా?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో కెమెరాకు ఎక్కువ పని పడేది రాత్రివేళ, అందులోనూ వేసవి రాత్రివేళ. తిరుమల బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు గరుడసేవ పొద్దుగూకాక సాగుతుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెల ఎండల్లో వస్తుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాల కోలాహలమంతా ముగిశాక అమ్మవారి విశ్వరూప దర్శనం తెల్లవారుజామున జరుగుతుంది. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుడుల ముందర ఎండాకాలంలో భారతం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం నడవడం ఆనవాయితీ. తెల్లవారుజాము ముహూర్తాల పెళ్లిళ్లూ ఇక్కడ తక్కువ కావు. ఇలాంటి సందర్భాల్లో తీసిన ఫొటోలు కెమెరా వెనుక చిన్న తెర మీద చక్కగానే కనిపించినా, కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూసేసరికి పట్టుచీర మడతల నీడల్లో, వేషగాడి బుగ్గల మీద, ఆకాశపు నలుపులో రంగురంగుల రేణువులు, నీలి మచ్చలు, ఒక్కోసారి అడ్డచారలు బయటపడతాయి.

ఫొటోగ్రాఫర్లు వీటన్నిటినీ కలిపి నాయిస్ అంటారు. ఫిల్మ్ కాలం నుంచి పనిలో ఉన్నవారు గ్రెయిన్ అనే పాత మాటే వాడుతుంటారు. ఊహించని చోట నాయిస్ కనిపిస్తే సెన్సర్ పోయిందనీ, కొత్త బాడీ కొనక తప్పదనీ తీర్మానించుకోవడం పరిపాటిగా మారింది. వాస్తవానికి నాయిస్ అనేది వేరువేరు మూలాల నుంచి పుట్టి, ఒకే చిత్రంలో ఒకదానిమీద ఒకటి పేరుకునే అనేక దోషాల సముదాయం; వాటిలో అధికభాగానికి కెమెరా చెడిపోవడంతో ఏ సంబంధమూ ఉండదు. ఏది దేనివల్ల వచ్చిందో విడదీయడానికి పరికరాలేవీ అక్కర్లేదు, లెన్స్ మూత, కొంత ఓపిక ఉంటే సరిపోతుంది. అయితే ఆ పరీక్ష ఫలితాన్ని సరిగా చదవాలంటే, కెమెరాలో కాంతి చిత్రంగా మారే దారిని ముందుగా కొంత తెలుసుకోవాలి.

డిజిటల్ కెమెరాలో ఫిల్మ్ ఉండే చోట సెన్సర్ అనే సిలికాన్ పలక ఉంటుంది. దాని మీద కోట్ల సంఖ్యలో ఉండే సూక్ష్మమైన గదులను పిక్సెల్ అంటారు. కాంతి ఫోటాన్లనే విడివిడి కణాలుగా వచ్చి సిలికాన్‌ను తాకినప్పుడు ఎలక్ట్రాన్లు విడుదలై ఆ గదుల్లో పోగవుతాయి; షట్టర్ మూసుకున్నాక ఒక్కో గదిలో పోగైన ఎలక్ట్రాన్ల విద్యుదావేశాన్ని చదివి, పెంచి, అంకెగా మార్చి కార్డు మీద రాస్తారు. ఈ పద్ధతికి పునాది వేసిన సీసీడీ అనే సాధనాన్ని 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించారు; 2009లో వారికి భౌతికశాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది. ఇప్పటి కెమెరాల్లోనూ ఫోన్లలోనూ ఉండేవి ఎక్కువగా సీమాస్ అనే మరో రకం సెన్సర్లు, కానీ కాంతిని ఎలక్ట్రాన్లుగా మార్చి లెక్కించే మూలసూత్రం ఒకటే. ఈ దారిలో కాంతి రావడం, సెన్సర్ దానిని పట్టి ఉంచడం, చదవడం, కంప్యూటర్‌లో దిద్దడం అనే ప్రతి మజిలీలోనూ నాయిస్ చేరగలదు.

అన్నిటికంటె పెద్దదీ, అందరూ మరిచిపోయేదీ మొదటి మజిలీలోని నాయిస్. ఫోటాన్లు లెక్కగా, వరుసగా రావు. అలిపిరి టోల్‌గేటును ఒక నిర్ణీత వ్యవధిలో సగటున వంద వాహనాలు దాటుతాయనుకుంటే, ఏ ఒక్క వ్యవధిలోనూ సరిగ్గా వందే దాటవు, ఒకసారి 92, మరోసారి 107 అన్నట్టు ఉంటాయి. కాంతి రాకలోనూ ఇదే తీరు. ఇలా యాదృచ్ఛికంగా వచ్చే వాటిలో హెచ్చుతగ్గుల పరిమాణం సగటుకు వర్గమూలం అంత ఉంటుందని గణితం చెబుతుంది. ఒక పిక్సెల్‌కు సగటున 10,000 ఫోటాన్లు అందితే తేడా 100 మేరకు, అంటే నూటికి ఒకటి మాత్రమే ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. అదే పిక్సెల్‌కు 100 ఫోటాన్లే అందితే తేడా 10, అంటే నూటికి పది. పక్కపక్కన ఒకే వెలుగులో ఉండవలసిన పిక్సెళ్లు ఒకటి ముదురుగా, మరొకటి లేతగా కనిపించి, రేణువుల రూపం దాలుస్తాయి. దీనిని షాట్ నాయిస్ అంటారు. విద్యుత్ ప్రవాహంలో ఈ లక్షణాన్ని జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ షాట్కీ 1918లోనే వివరించాడు. ఇది కాంతి స్వభావంలోనే ఉన్నది కనుక ఎంత ఖరీదైన కెమెరా అయినా దీనిని తొలగించలేదు; ఎక్కువ కాంతిని పోగుచేయడం ద్వారా దాని వాటాను తగ్గించడం ఒక్కటే మార్గం.

ఐఎస్ఓ పెంచితే నాయిస్ పుడుతుందనే నమ్మకం స్టూడియోలన్నిటా పాతుకుపోయింది గాని, ఐఎస్ఓ చేసేది అందిన సంకేతాన్ని పెంచి చూపడమే. ఐఎస్ఓ 6400 దగ్గర కనిపించే రేణువులకు అసలు కారణం, అంత పెంచవలసి వచ్చేంత తక్కువ కాంతి సెన్సర్‌కు చేరడం. ఐఎస్ఓకు భయపడి 800 దగ్గరే ఉంచి, చీకటిగా వచ్చిన ఫొటోను తరువాత కంప్యూటర్‌లో మూడు స్టాపులు, అంటే ఎనిమిది రెట్లు వెలిగించేవారికి దక్కే ఫలితం 6400 దగ్గర సరిగా తీసిన దానికంటె మెరుగ్గా ఉండదు. చాలా కెమెరాల్లో అంతకంటె అధ్వానంగా ఉంటుంది. ఎందుకంటే ఎలక్ట్రాన్లను చదివే వలయాలు తమ వంతుగా కలిపే రీడ్ నాయిస్ అనే మరో దోషం చీకటి భాగాలలోనే పైచేయి సాధిస్తుంది, కంప్యూటర్‌లో వెలిగించినప్పుడు అది కూడా ఎనిమిది రెట్లు పెరుగుతుంది. ముఖం మీది వెలుగు తెల్లగా మాడిపోకుండా చూసుకుంటూ, షట్టర్‌నూ లెన్స్ ద్వారాన్నీ వీలైనంత తెరిచి, ఆపైన మిగిలిన కొరతను ఐఎస్ఓతో పూడ్చుకోవడం రాత్రి ఫొటోగ్రఫీలో సరైన క్రమం.

ఊహించకుండా వచ్చే నాయిస్‌లో ఎక్కువ పాలు ఇక్కడే, ఫొటోగ్రాఫర్‌కు తెలియకుండా జరిగే కాంతి నష్టం వల్లనే వస్తుంది. కెమెరాతోపాటు వచ్చే 18-55 లెన్స్ వెడల్పు చివర ఎఫ్ 3.5 దగ్గర తెరుచుకున్నా, జూమ్ చేసి దగ్గరకు లాక్కునేసరికి ఎఫ్ 5.6కు కుంచించుకుపోతుంది; సెన్సర్‌కు చేరే కాంతి దాదాపు రెండున్నర రెట్లు తగ్గుతుంది. ఆటో ఐఎస్ఓ పెట్టి ఉంటే కెమెరా చడీచప్పుడు లేకుండా ఆ లోటును భర్తీ చేస్తుంది, అందువల్ల దూరం నుంచి తీసిన ఫొటో బాగుండి, అదే స్థలంలో అదే నిమిషంలో దగ్గరగా తీసినది రేణువులతో నిండుతుంది. రాత్రి పెట్టిన ఐఎస్ఓను మార్చడం మరిచిపోయి మర్నాడు పగలు తీయడం మరో కారణం. కెనాన్‌లో ఆటో లైటింగ్ ఆప్టిమైజర్, నికాన్‌లో యాక్టివ్ డి-లైటింగ్ అనే అమరికలు నీడలను తామే వెలిగించి చూపుతాయి కాబట్టి, వాటి వెంట ఆ నీడల్లోని నాయిస్ కూడా పైకి తేలుతుంది. ఫొటో వివరాల్లో నమోదై ఉండే ఐఎస్ఓ, షట్టర్, ద్వారం అంకెలను చూడడంతోనే ఈ చిక్కుముళ్లలో సగం విడిపోతాయి; ఆ పని చేయకుండానే కెమెరాను అనుమానించేవారు ఎందరో ఉండడం విచారకరం.

గుడిలో, పెళ్లి మండపంలో, పాత వీధినాటకపు పందిట్లో వచ్చే నీలి మచ్చల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. సెన్సర్ పిక్సెళ్లు స్వతహాగా రంగులను గుర్తించలేవు. వాటి మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలను పరిచి రంగును రాబడతారు. కోడక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ పేరుతో 1976లో పేటెంట్ పొందిన ఈ అమరికలో సగం పిక్సెళ్లు ఆకుపచ్చకు, పావువంతు ఎరుపుకు, పావువంతు నీలానికి కేటాయిస్తారు. నూనె దీపాలు, కాగడాలు, పాతకాలపు ఫిలమెంట్ బల్బుల వెలుగులో ఎరుపు పసుపులు పుష్కలంగా, నీలం అత్యల్పంగా ఉంటుంది. ఆ వెలుగులో తెల్ల పంచె తెల్లగా కనిపించాలంటే వైట్ బ్యాలెన్స్ అనే దిద్దుబాటు నీలపు సంకేతాన్ని రెండింతలో మూడింతలో పెంచవలసి వస్తుంది. అసలే ఫోటాన్లు తక్కువగా అందిన నీలం ఇలా పెరిగినప్పుడు దానిలోని హెచ్చుతగ్గులు నీలి, ఊదా మరకలుగా నీడలంతటా పరుచుకుంటాయి. మొత్తం చిత్రం వెలుగు సరిపోయిందని కెమెరా మీటర్ చెప్పినా నీలం మాత్రం ఎన్నో స్టాపులు వెనకబడి ఉండవచ్చు. దీపాల వెలుగును బలవంతంగా పగటి తెలుపులోకి లాగకుండా కొంత పసుపును ఉండనిస్తే మరకలు తగ్గుతాయి. దీపపు కాంతికి ఉన్న నిండుదనమూ నిలుస్తుంది. దేవుడి దగ్గరి వెలుగును ట్యూబ్‌లైట్ వెలుగుగా దిద్దడం ఏ విధంగా చూసినా నష్టమే.

రాయలసీమ దక్షిణ భాగంలో నాయిస్‌కు తోడయ్యే మరో కారణం వేడి. కాంతి ఏ మాత్రం లేకపోయినా, సిలికాన్‌లోని ఉష్ణం వల్లనే కొన్ని ఎలక్ట్రాన్లు విడివడి పిక్సెల్ గదుల్లో చేరుతుంటాయి. దీనిని డార్క్ కరెంట్ అంటారు. సెన్సర్ ఉష్ణోగ్రత సుమారు 6 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడల్లా ఇది రెట్టింపవుతుంది. జనవరి రాత్రి 20 డిగ్రీల్లో ఉన్న సెన్సర్, మే నెలలో గంటల తరబడి వీడియో తీసి 44 డిగ్రీలకు చేరిందనుకుంటే, దానిలో డార్క్ కరెంట్ ఎనిమిది నుంచి పదహారు రెట్లకు చేరుతుంది. సెకనులో వందో వంతు షట్టర్‌తో తీసే మామూలు ఫొటోలో దీని ప్రభావం దాదాపు కనిపించదు. నక్షత్రాల కోసమో, శ్రీహరికోట నుంచి రాత్రివేళ లేచే రాకెట్ వెలుగు గీత కోసమో అరనిమిషం, నిమిషం షట్టర్ తెరిచి ఉంచినప్పుడు మాత్రం ప్రస్ఫుటమవుతుంది. లైవ్ వ్యూ తెరను ఎప్పుడూ వెలిగించి ఉంచడం, వీడియో తీసిన వెంటనే దీర్ఘ ఎక్స్‌పోజర్‌కు దిగడం, కెమెరా సంచిని ఎండలో ఆగిన కారులో వదిలేయడం సెన్సర్‌ను అనవసరంగా వేడెక్కిస్తాయి. మదనపల్లె దగ్గర 1,200 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్న హార్సిలీ కొండల మీద తీసిన నక్షత్రాల ఫొటోలు, తిరుపతి శివార్లలో తీసినవాటికంటె శుభ్రంగా రావడానికి చీకటి ఆకాశంతోపాటు చల్లదనం కూడా కారణమే.

ఈ వేడి సమస్యను శాస్త్రీయంగా ఎదుర్కొనే పద్ధతికి ఉదాహరణ ఈ ప్రాంతంలోనే ఉంది. పాకాల మండలం గాదంకిలో 1992లో ఎంఎస్‌టీ రాడార్ కేంద్రంగా మొదలై, 2005 నుంచి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా పేరు పొందిన సంస్థలో, రాత్రి ఆకాశం నుంచి సహజంగా వెలువడే ఎయిర్‌గ్లో అనే అతి మందమైన కాంతిని చిత్రించే కెమెరా 2012 నుంచి పనిచేసింది. భూమికి దాదాపు 97 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ పరమాణువులు 557.7 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని, సుమారు 250 కిలోమీటర్ల ఎత్తులో 630 నానోమీటర్ల ఎర్ర కాంతిని విడుదల చేస్తాయి; వాటిలో కదిలే అలలను బట్టి పైవాతావరణపు చలనాలను అధ్యయనం చేస్తారు. మామూలు కంటికి కనిపించనంత మందమైన ఈ వెలుగును పట్టుకోవడానికి సన్నని వడపోతలు పెట్టి, ఎక్స్‌పోజర్‌ను సెకన్ల తరబడి సాగదీయాలి. అటువంటప్పుడు సెన్సర్ వేడి పుట్టించే ఎలక్ట్రాన్లు అసలు సంకేతాన్నే మింగేస్తాయి కాబట్టి ఇలాంటి సీసీడీలను సున్నాకు ఎంతో దిగువకు చల్లబరిచి వాడతారు. పెళ్లి ఫొటోగ్రాఫర్ ఎదుర్కొనే శత్రువూ గాదంకి శాస్త్రవేత్తలు ఎదుర్కొన్న శత్రువూ ఒకటే. తేడా అంతా మోతాదులో ఉంది.

ఇక పరీక్ష విషయానికి వస్తే, దాని సూత్రం కాంతిని పూర్తిగా తీసివేసి కెమెరా స్వయంగా ఏం కలుపుతున్నదో చూడడం, ఆపైన ఒక్కసారికి ఒక్క అంశాన్నే మార్చడం. ముందుగా ఫైలును రా పద్ధతిలో, అంటే కెమెరా దిద్దని ముడిరూపంలో నమోదయ్యేలా పెట్టి, నాయిస్ తగ్గించే అమరికలన్నీ ఆపివేయాలి. లెన్స్‌కు మూత బిగించాలి. అద్దమున్న డీఎస్‌ఎల్ఆర్ అయితే కన్ను ఆనించే కిటికీని కూడా కప్పాలి, ఎందుకంటే దీర్ఘ ఎక్స్‌పోజర్లలో ఆ కిటికీ గుండా చొరబడే వెలుగే కొన్నిసార్లు మచ్చలకు కారణమవుతుంది. తరువాత ఐఎస్ఓ 100 దగ్గర సెకనులో వెయ్యో వంతు, ఐఎస్ఓ 3200 దగ్గర అదే షట్టర్, ఐఎస్ఓ 3200 దగ్గర 30 సెకన్లు, చివరగా లైవ్ వ్యూను పావుగంట నడిపించి కెమెరా వేడెక్కాక మళ్లీ 30 సెకన్లు, ఇలా నాలుగు నల్లని చిత్రాలు తీసి, అన్నిటినీ కంప్యూటర్‌లో ఒకే మేరకు వెలిగించి చూడాలి.

రెండో చిత్రంలో అంతటా సమానంగా పరుచుకున్న సన్నని రేణువులు ఉంటే అది చదివే వలయాల మామూలు నాయిస్, కంగారుపడవలసింది కాదు. మూడో చిత్రంలో ఎరుపు, నీలం, తెలుపు చుక్కలు మిలమిలా కనిపించి, మళ్లీ తీసినా సరిగ్గా అవే స్థానాల్లో ఉంటే అవి హాట్ పిక్సెళ్లు, అంటే తయారీ లోపం వల్లనో వయసు వల్లనో మిగతావాటికంటె ఎక్కువ డార్క్ కరెంట్ పోగుచేసుకునే గదులు. నాలుగో చిత్రంలో ఒక అంచునో మూలనో ఊదా రంగు వెలుగు కమ్ముకుంటే అక్కడ దగ్గర్లోని వలయం వేడెక్కుతున్నదని అర్థం. నాలుగూ శుభ్రంగా ఉండి, అసలు ఫొటోలోనే రేణువులు ఉంటే కెమెరాను నిందించడం మానివేసి వెలుతురును, ఎక్స్‌పోజర్‌ను, దిద్దుబాటును పరిశీలించాలి; ఎక్కువమంది చేరుకునే ముగింపు ఇదే.

హాట్ పిక్సెళ్లకు మందు సులభంగానే దొరుకుతుంది. దీర్ఘ ఎక్స్‌పోజర్ నాయిస్ తగ్గింపు అనే అమరిక, అసలు ఫొటో తరువాత షట్టర్ మూసి అంతే సమయం పాటు ఒక నల్ల చిత్రాన్ని తీసి మొదటి దానిలోంచి తీసివేస్తుంది. 30 సెకన్ల ఫొటో తరువాత కెమెరా మరో 30 సెకన్లు పలకకుండా ఉండడాన్ని లోపంగా భావించేవారు ఈ కారణాన్ని గమనించాలి. ఒలింపస్ వంటి సంస్థల కెమెరాల్లో పిక్సెల్ మ్యాపింగ్ అనే ఎంపిక ఉండి, చెడిన పిక్సెళ్లను గుర్తించి వాటి స్థానంలో పొరుగు పిక్సెళ్ల సగటును ఉంచుతుంది. అంతరిక్షంలో రేడియేషన్ తాకిడికి ఈ బాధ మరీ ఎక్కువ. బృహస్పతి చుట్టూ తిరిగే జూనో నౌకలోని కెమెరా చిత్రాలు 2023 చివరికి చారలతో, రేణువులతో దాదాపు పనికిరాకుండా పోయినప్పుడు, ఇంజనీర్లు భూమి మీది నుంచే కెమెరా హీటర్‌ను ఎక్కువ చేసి సిలికాన్‌లోని దెబ్బతిన్న చోట్లు సర్దుకునేలా చేశారు. డిసెంబర్ 30న అయో ఉపగ్రహానికి 1,500 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లేసరికి చిత్రాలు మళ్లీ తేటపడ్డాయి. చేతిలోని కెమెరాను ఎవరూ వేడిచేసి చూడరాదు గాని, మూలకారణాన్ని ఊహించి, ఒక్కో మార్పు చేసి, ఫలితాన్ని గమనించే పద్ధతి మాత్రం అనుసరించదగినది.

అడ్డచారలకు వేరే కథ ఉంది. మనదేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కనుక దాని మీద నడిచే దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి; నాసిరకపు ఎల్ఈడీ తోరణాల్లో ఈ మినుకు తీవ్రంగా ఉంటుంది. సెన్సర్ పైనుంచి కిందికి వరుసలవారీగా వెలుగును అందుకునేటప్పుడు దీపం వెలిగిన క్షణాల వరుసలు ప్రకాశంగా, ఆరిన క్షణాల వరుసలు చీకటిగా నమోదై, ఆ చీకటి పట్టీల్లో నాయిస్ కూడా ఎక్కువగా కనిపిస్తుంది. శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఇది మరీ ముదురుతుంది. సెకనులో 50వ వంతు లేదా 100వ వంతు షట్టర్ వాడినా, మెకానికల్ షట్టర్‌కు మారినా చాలావరకు పోతుంది.

నాయిస్‌ను తగ్గించే ఉపాయాల్లో అత్యంత నిజాయితీ గలది సగటు తీయడం. కదలని దృశ్యాన్ని ట్రైపాడ్ మీద 16 సార్లు తీసి కలిపితే యాదృచ్ఛికమైన రేణువులు నాలుగో వంతుకు తగ్గుతాయి. ఫోన్లలోని నైట్ మోడ్ కూడా అనేక చిత్రాలను చకచకా తీసి పేర్చే ఇదే పని చేస్తుంది. చంద్రగిరి కోటకూ, నక్షత్రాలకూ ఇది సరిపోతుంది గాని, వీధినాటకంలో గిరగిరా తిరిగే దుర్యోధనుడికి పనికిరాదు. ఫొటోను చిన్నది చేయడం కూడా ఒక రకమైన సగటే. నాలుగు పిక్సెళ్లు ఒకటైతే నాయిస్ సగమవుతుంది. నూటికి నూరు పాళ్లు పెద్దది చేసి చూసినప్పుడు భయపెట్టే రేణువులు ఆల్బమ్ సైజు ముద్రణలో మాయమవడం ఇందువల్లనే. కాబట్టి ఫొటో చివరికి ఏ పరిమాణంలో చూడబడుతుందో ఆ పరిమాణంలోనే తీర్పు చెప్పాలి.

కృత్రిమ మేధతో నడిచే కొత్త సాఫ్ట్‌వేర్ల విషయంలో మాత్రం గట్టి హెచ్చరిక అవసరం. అవి రేణువులను తుడిచి ఊరుకోక, ఆ చోట ఉండి ఉండవచ్చని తాము అంచనా కట్టిన వివరాన్ని నింపుతాయి. పెళ్లి ఆల్బమ్‌లో దానివల్ల వచ్చే హాని స్వల్పం. శేషాచలం అడవుల్లో రాత్రి సంచరించే దేవాంగపిల్లినో, బంగారు బల్లినో నమోదు చేసే చిత్రంలో అలా కాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన తరువాత ఆ దారి పొడవునా ట్రాప్ కెమెరాలు అమర్చారు. ఇటువంటి కెమెరాలు రాత్రివేళ పరారుణ కాంతిలో నలుపు తెలుపుల్లో, రేణువులతో కూడిన చిత్రాలనే ఇస్తాయి; ఒక చిరుతను మరొక చిరుత నుంచి వేరు చేయడానికి ఒంటి మీది మచ్చల అమరికే ఆధారం. ఆ మచ్చలను యంత్రం తన ఊహతో దిద్దితే చిత్రం అందంగా ఉంటుంది, సాక్ష్యంగా మాత్రం మిగలదు. జాతర వేషాలనూ భారతపు ఆటలనూ భావితరాల కోసం నమోదు చేసేవారు కూడా ముడి ఫైలును చెరపకుండా దాచడం, దిద్దిన ప్రతిని వేరుగా ఉంచడం తప్పనిసరి నియమంగా పెట్టుకోవాలి.

మూత బిగించి, చల్లని కెమెరాతో, ఐఎస్ఓ 100 దగ్గర తీసిన మొదటి నల్ల చిత్రంలోనే నిలువు చారలో, గళ్లో, పెద్ద మరకలో కనిపిస్తే అప్పుడు లోపం కెమెరాదేనని బలంగా అనుమానించవచ్చు. బ్యాటరీని, కార్డును మార్చి, చార్జర్‌కో పవర్ బ్యాంకుకో తగిలించిన తీగను తీసివేసి మళ్లీ తీయాలి. బయటి విద్యుత్ పరికరాల జోక్యం వల్ల వచ్చే చారలు దానితో పోతాయి. అప్పటికీ మిగిలితే ఆ నాలుగు నల్ల చిత్రాల ముడి ఫైళ్లను, అవి తీసిన అమరికలతో సహా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వాలి. ఫొటోలో గింజలు వస్తున్నాయని నోటితో చెప్పడానికీ, ఈ ఫైళ్లను ముందుంచడానికీ మరమ్మతు చేసేవారి దృష్టిలో ఎంతో తేడా ఉంటుంది. వారంటీ గడువు దగ్గరపడిన కెమెరా విషయంలో ఆ తేడా డబ్బు రూపంలోనే తెలుస్తుంది.